ఫోనులో మొదట కనిపించే ఆసుపత్రి
(సెర్చ్ ఇంజన్ మార్కెటింగ్ – మనం తెలుసుకోవలసిన పాఠం)



జబ్బు ఉన్నవాళ్ళని, లేనివాళ్ళని చూసి రాదు. కానీ కూలికి పోయే ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు వచ్చిందంటే ఆ అప్పు తీరడానికి ఏళ్ళు పడుతుంది. ఇదివరకు ఒంట్లో బాగలేకపోతే మన పెద్దలు ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరునో, నాలుగు ఊళ్ళు తిరిగిన మనిషినో అడిగేవారు. నేడు సెల్‌ఫోన్ మన చేతిలో పెట్టి "సదువుకున్న పిల్లలు, మంచి దవాఖాన ఏదో చూసి చెప్పుండ్రి" అంటున్నారు. మనం చెప్పిన చోటికే పోతున్నారు. అందుచేత ఫోనులో మొదట కనిపించే పేరు అక్కడికి ఎలా వచ్చిందో తెలుసుకోవడం హాస్టల్ విద్యార్థులమైన మన బాధ్యత.

సెర్చ్ ఇంజన్ మార్కెటింగ్ అంటే ఏమిటి?

గూగుల్ వంటి సెర్చ్ ఇంజన్‌లో "మోకాళ్ళ నొప్పి డాక్టర్ వరంగల్" అని వెతికితే రెండు రకాల ఫలితాలు వస్తాయి. మొదటి రకం, మనం అడిగినదానికి దగ్గరగా ఉన్న పేజీలని ఇంజన్ తానే ఎంచి వరుసలో పెట్టినవి. ఈ వరుసలో చోటు కోసం ఎవరూ గూగుల్‌కు డబ్బు కట్టరు. రెండవ రకం ప్రకటనలు. ఇవి తరచుగా అన్నింటికన్నా పైన ఉంటాయి. వీటి దగ్గర "స్పాన్సర్డ్" అనే చిన్న మాట ఉంటుంది. ఆ చోటును డబ్బుతో సంపాదించి వ్యాపారం పెంచుకునే పద్ధతినే సెర్చ్ ఇంజన్ మార్కెటింగ్ అంటారు.

ఈ పద్ధతి 1998లో అమెరికాలో గోటూ డాట్ కామ్ అనే సంస్థతో పేరుకెక్కింది. 2000 అక్టోబరులో గూగుల్ 350 మంది ప్రకటనదారులతో యాడ్‌వర్డ్స్‌ను మొదలుపెట్టింది. 2018లో దానికే గూగుల్ యాడ్స్ అని పేరు మార్చారు. ఇందులో సాధారణంగా ప్రకటన కనిపించినందుకు డబ్బు కట్టనక్కరలేదు. మనం దాన్ని నొక్కితేనే ప్రకటనదారు కట్టాలి.

జెండా పాట వంటిదే ఈ వేలం

మన ఏనుమాముల మార్కెట్లో మిర్చికి జెండా పాట జరగడం చాలామందిమి చూసినదే. అక్కడ పాటకు వచ్చేది మిర్చి. ఇక్కడ పాటకు వచ్చేది మన కన్ను పడే చోటు. మనం పదం టైపు చేసి నొక్కిన ప్రతిసారీ రెప్పపాటులో కంప్యూటర్ల మధ్య వేలం జరుగుతుంది.

అయితే ఎక్కువ పాడినవాడికే చోటు దక్కదు. ప్రకటన నాణ్యతను కూడా లెక్కిస్తారు. ప్రకటన మనం అడిగినదానికి సరిపోతుందా, దాన్ని జనం నొక్కుతారా, నొక్కితే తెరుచుకునే పేజీ ఉపయోగపడుతుందా అని చూస్తారు. ఒక చిన్న లెక్క చేద్దాం.

మొదటి ఆసుపత్రి: పాట 40 రూపాయలు, నాణ్యత 4. గుణిస్తే 160.
రెండవ ఆసుపత్రి: పాట 25 రూపాయలు, నాణ్యత 8. గుణిస్తే 200.

తక్కువ పాడినా రెండవ ఆసుపత్రే పైన ఉంటుంది. అది కట్టేది 25 కూడా కాదు. కింద ఉన్నవాడి 160ని తన నాణ్యత 8తో భాగిస్తే 20 వస్తుంది. అంతకన్నా కొద్దిగా ఎక్కువ కడితే చాలు. ఇది మూలసూత్రం. నేడు ఇంకా అనేక అంశాలు కలిపి లెక్క వేస్తున్నారు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. ఈ నాణ్యత ప్రకటనకు సంబంధించినది, వైద్యానికి సంబంధించినది కాదు. ఆపరేషన్ బాగా చేస్తారా, బిల్లు న్యాయంగా వేస్తారా అన్నది ఆ లెక్కలో లేదు.

ఏయే పదాలు కొంటారు, ఏవి వద్దంటారు?

ఆసుపత్రి తరఫున పనిచేసేవారు ముందుగా జనం వాడే మాటల జాబితా తయారు చేస్తారు. వీటిని కీవర్డ్స్ అంటారు. "కిడ్నీలో రాళ్ళు", "పిల్లల డాక్టర్", "దగ్గరలో స్కానింగ్" వంటివి. తరువాత ప్రకటన ఎంత దూరం వరకు కనిపించాలో గిరి గీస్తారు. హనుమకొండలో ఉన్న ఆసుపత్రి చుట్టూ 40 కిలోమీటర్లు అని పెడితే ఖిలా వరంగల్‌లో ఉన్న మన ఫోను కూడా ఆ గిరిలోకి వస్తుంది.

వద్దనుకునే పదాల జాబితా కూడా ఉంటుంది. "ఉద్యోగాలు", "జీతం" అని వెతికేవారు రోగులు కారు కనుక ఆ మాటలను తీసివేస్తారు. "ఉచితం" అన్న మాటను కూడా తీసివేయవచ్చు. అప్పుడు "ఉచిత వైద్యం" అని వెతికిన పేదవాడికి ఆ ప్రకటన రాదు. అతన్ని ఎవరూ వెళ్ళగొట్టలేదు, అసలు గుమ్మమే కనబడనివ్వలేదు.

ఖర్చు ఎవరి మీద పడుతుంది?

ఒక నొక్కుకు 30 రూపాయలు అనుకుందాం. 100 మంది నొక్కితే 3,000 రూపాయలు. వారిలో 10 మంది ఫోన్ చేసి, ఇద్దరు ఆసుపత్రికి వస్తే ఒక్కొక్క రోగిని రప్పించడానికి 1,500 రూపాయలు అయినట్టు. ఓపీ ఫీజు 400 అయితే మిగతా 1,100 ఎక్కడి నుండి రావాలి? పరీక్షల నుండో, మందుల నుండో, ఆపరేషన్ నుండో రావాలి. ఆర్‌ఎంపీకి ఇచ్చే కమీషన్ రోగి బిల్లులో కలిసినట్టే ఇదీ కలుస్తుంది.

అలాగని ప్రకటనలన్నీ చెడ్డవి కావు. డయాలసిస్ వరంగల్‌లోనే దొరుకుతుందని తెలిపే నిజమైన ప్రకటన ఒక కుటుంబానికి హైదరాబాద్ ప్రయాణం తప్పిస్తుంది. చెడు ప్రకటనలో లేదు, అబద్ధంలో ఉంది.

అబద్ధం ప్రాణం తీసిన వేళ

చైనాలో వెయ్ జెషి అనే 21 ఏళ్ళ కాలేజీ విద్యార్థికి అరుదైన క్యాన్సర్ వచ్చింది. అక్కడి బైదు సెర్చ్ ఇంజన్‌లో పైన కనిపించిన ఆసుపత్రికి అతని తల్లిదండ్రులు తీసుకుపోయారు. అప్పులు చేసి, రుజువు కాని వైద్యానికి రెండు లక్షల యువాన్లకు పైగా ఖర్చు పెట్టారు. 2016 ఏప్రిల్‌లో అతను చనిపోయాడు. దేశమంతా గగ్గోలు పుట్టింది. ప్రభుత్వం విచారణ జరిపి, డబ్బు ఒక్కటే చూసి వరుస నిర్ణయించరాదని, పేజీలో ప్రకటనలు 30 శాతం దాటరాదని బైదును ఆదేశించింది.

మన దేశంలో గర్భంలోని శిశువు ఆడో మగో చెప్పే పరీక్షల గురించిన ప్రకటనలను 1994 నాటి చట్టం నిషేధించింది. అయినా అవి ఇంటర్నెట్‌లో కనిపిస్తున్నాయని డాక్టర్ సాబు మాథ్యూ జార్జ్ 2008లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2016 నవంబరులో కోర్టు ఫిర్యాదులు స్వీకరించే నోడల్ ఏజెన్సీని పెట్టమని కేంద్రాన్ని ఆదేశించింది. ఫిర్యాదు అందిన 36 గంటల్లో అటువంటి ప్రకటనలను సెర్చ్ ఇంజన్‌లు తీసివేయాలని చెప్పింది.

మరొకటి 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం. షుగర్, క్యాన్సర్, పక్షవాతం, మూర్ఛ వంటి జబ్బులను మా మందు నయం చేస్తుందని జనానికి ప్రకటించడం ఈ చట్టం కింద నేరం. మనిషి ఎత్తు పెంచుతామన్న మందుల ప్రకటనలూ ఆ జాబితాలో ఉన్నాయి. మన వయసు పిల్లలు ఎక్కువగా మోసపోయేది అక్కడే కదా!

మనం ఏం చేయాలి?

1. "స్పాన్సర్డ్" అన్న మాట ఉందేమో ముందు చూడాలి. ఉంటే కిందికి జరిపి మిగతా పేర్లు కూడా చదవాలి.

2. ప్రాణాపాయం ఉంటే వెతుకుతూ కూర్చోరాదు. 108కి ఫోన్ చేయాలి.

3. ఆపరేషన్ అన్నప్పుడు ఆ ఆసుపత్రిలో ఆ వైద్యానికి ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో అక్కడి ఆరోగ్యమిత్రను అడగాలి. 2007లో మొదలైన ఈ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. మన ఎంజీఎం ఆసుపత్రిని మరువరాదు.

4. డాక్టరు పేరు మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో ఉందో లేదో చూడాలి.

5. "ఉచిత సలహా" అన్న ఫారంలో ఇంటివాళ్ళ ఫోన్ నంబరు, జబ్బు పేరు తొందరపడి రాయరాదు. ఆ తరువాత వచ్చే ఫోన్లు డాక్టరువి కావు, మార్కెటింగ్ వారివి.

6. "నూటికి నూరు శాతం గ్యారంటీ" అన్న వైద్యం దగ్గర ఆగి, ఇంకొక డాక్టరును అడగాలి.

ఈ విద్య మనకు రేపు ఉపాధి కూడా కావచ్చు. డిగ్రీ చదివినవారు కొద్ది నెలల శిక్షణతో ఈ రంగంలో ప్రవేశించవచ్చు. తెలుగులో వెతికేవారు పెరిగే కొద్దీ, మన జనం నొప్పిని ఏ మాటతో చెబుతారో తెలిసినవారికి అక్కడ విలువ ఉంటుంది. "కడుపుల నొస్తుంది" అన్న మాట మనకు తెలిసినట్టు పట్నం కంపెనీకి తెలియదు. మనలో ఎవరైనా ఆ పనిలో చేరితే, ఆ మాట టైపు చేసే మనిషి మన తల్లి కావచ్చని తలచుకుని ప్రకటన రాయాలి.

అప్పటిదాకా ఇంట్లో ఫోను మన చేతికి ఇచ్చినప్పుడు మొదటి పేరు చెప్పి ఊరుకోకుండా, మూడు పేర్లు చూసి, నలుగురిని అడిగి చెబుదాం. మన చదువు మన ఇంటికి పనికిరావడమంటే అదే.