యుద్ధకాలమున పౌరుల ఐకమత్యము

యుద్ధమనగానే మనకు రణరంగమే స్ఫురించును. కాని ఆధునిక యుద్ధములలో కర్మాగారము, పొలము, వంటిల్లు కూడ రణరంగములే. అచ్చటి ప్రజలు ఒక్కమాటపై నిలుచుట ఎట్లు సాధ్యపడును? రెండవ ప్రపంచ యుద్ధకాలపు బ్రిటనును ఉదాహరణముగ గైకొని పరిశీలింతము.

1939 సెప్టెంబరు 3న బ్రిటను యుద్ధము ప్రకటించినది. పిదప ఆ దేశపు సమాచార మంత్రిత్వశాఖ ఎఱ్ఱని గోడపత్రికలను అంటింపించినది. మీ ధైర్యము, మీ ఉల్లాసము, మీ దృఢనిశ్చయము విజయము చేకూర్చునని వాని సారాంశము. ఎవరికి చేకూర్చును? ఆంగ్లమున 'మాకు', 'మనకు' అను రెంటికిని ఒక్కటే మాట. ఉర్దూలోని 'హమే' కూడ అట్టిదే. వ్రాసినవారి ఉద్దేశము 'మనకు' అనియే కావచ్చును. జనుల చెవికి మాత్రము 'మాకు' అని వినబడినది. కష్టము మీది, గెలుపు మాది అన్నట్లు తోచి విమర్శలు చెలరేగినవి.

గోడపత్రిక చేయలేని పనిని రేషను పుస్తకము చేసినది. 1940 జనవరి 8న పందిమాంసము, వెన్న, చక్కెరలతో ఈ పద్ధతి ఆరంభమైనది. వెన్న మనిషికి వారమునకు 4 ఔన్సులు. రాజకుటుంబమునకు సైతము పుస్తకములు జారీ అయినవి. అయినను హోటలు భోజనమునకు కూపను అక్కరలేదు; ధనము గలవాడు అచ్చట తృప్తిగా భుజింపవచ్చును. ఈ వ్యత్యాసము జనులకు ముల్లువలె గ్రుచ్చుకొనగా, 1942లో ఒక భోజనపు వెల 5 షిల్లింగులు మించరాదని ప్రభుత్వము ఆంక్ష విధించినది.

1940 సెప్టెంబరు 7 నుండి లండనుపై బాంబులు కురిసినపుడు భూగర్భ రైలుస్టేషనులలో తలదాచుకొనుటకు అధికారులు మొదట సమ్మతింపలేదు. ప్రజలు టికెట్లు కొని దిగి, తిరిగి పైకి రాలేదు. ప్రభుత్వమే దిగివచ్చినది. ఈ లొంగుబాటు దానికి అవమానము కాదని మా అభిప్రాయము.

అదే సామ్రాజ్యమున, అదే యుద్ధమున వంగదేశపు గతి వేరు. జపాను సేనలు వచ్చునను భయముతో 1942లో తీరప్రాంతములనుండి బియ్యపు నిల్వలను తొలగించిరి. పడవలను స్వాధీనపరచుకొనిరి, ధ్వంసము చేసిరి. కలకత్తాలోని కర్మాగారముల కార్మికులకు మాత్రము యుద్ధమునకు అవసరమని చౌకధాన్యము అందినది. పల్లెలలోని కూలీలను, జాలరులను పెరిగిన ధరలకే విడిచిపెట్టిరి. 1943 కరవున మరణించినవారు 15 లక్షలని విచారణసంఘము అంచనా. సుమారు 30 లక్షలని అనంతర చరిత్రకారులలో పలువురి మాట. లండనులో రేషను ఆరంభమైన నాలుగేండ్లకు, 1944 జనవరిలో గాని కలకత్తా నగరమునకు అది రాలేదు.