సీసాపై సంఖ్య

పరీక్ష అనగానే మన విద్యార్థులకు సమాధాన పత్రం స్ఫురిస్తుంది. మేమిచ్చట ప్రస్తావించేది వేరొక పరీక్ష. రైలు, విమానం, లారీ వంటి వాహనాలు నడిపే ఉద్యోగి మద్యం గాని, మాదకద్రవ్యం గాని సేవించాడా అని తేల్చే పరీక్ష. ఇందులో ప్రయోగశాల యంత్రాల నైపుణ్యాన్ని అందరూ కొనియాడుతారు. ఆ యంత్రం ముందుకు చేరిన సీసా ఎవరిదన్నదే అసలు ప్రశ్న అని మా అభిప్రాయం.

1987 జనవరి 4న అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో, చేజ్ అనే చోట, సరకుల రైలు సంస్థకు చెందిన ఇంజన్లు ఆగవలసిన సిగ్నలును దాటి వచ్చాయి. ప్రయాణికుల రైలు వాటిని ఢీకొని 16 మంది మరణించారు. ఆ ఇంజన్లపై ఉన్న ఇద్దరు సిబ్బంది దేహంలో గంజాయి ఆనవాళ్ళు కనబడినవి. 1991లో అక్కడి కాంగ్రెస్ రవాణా సిబ్బందికి పరీక్షలను చట్టబద్ధం చేసింది. ఆ దేశ రవాణా శాఖ అమలు జరుపుతున్న మూత్ర నమూనా సేకరణ నియమాలు శ్రద్ధగా పరిశీలింపదగినవి.

ఉద్యోగి పైకోటు, చేతిసంచి వెలుపల ఉంచి, జేబులు ఖాళీ చేసి చూపి, చేతులు కడుగుకొని లోపలికి పోవాలి. లోపల కుళాయి నీరు అందకుండా చేస్తారు. మరుగుదొడ్డి నీటిలో నీలిరంగు కలుపుతారు. ఆ నీటితో నమూనాను పలుచన చేయబోతే రంగే సాక్ష్యం చెబుతుంది! కనీసం 45 మిల్లీలీటర్లు ఉండాలి. నాలుగు నిమిషాలలోగా దాని వేడి చూస్తారు. 32 నుండి 38 సెల్సియస్ డిగ్రీల మధ్య లేకపోతే అనుమానం కలిగినట్లే. అప్పుడు మరొక మనిషి కళ్ళెదుట తిరిగి ఇవ్వవలసి ఉంటుంది. అట్టి కారణం లేనిదే తలుపు మూసుకొనే మర్యాద ఉద్యోగికి ఉంది. ఈ మర్యాదను మేము స్వల్పవిషయంగా ఎంచము. బెరుకు వల్ల మూత్రం రానివారికి మూడు గంటల గడువు, సుమారు 1.2 లీటర్ల వరకు పానీయం ఇస్తారు.

పిదప ఆ నమూనాను 30, 15 మిల్లీలీటర్లుగా రెండు సీసాలలో పోసి, ఉద్యోగి చూస్తుండగానే ముద్రలు అంటించి, వాటిపై అతని పొడి అక్షరాలు వ్రాయిస్తారు. ముద్ర పడేవరకు నమూనా అతని చూపు దాటరాదు. ప్రయోగశాలకు చేరే ప్రతిలో పేరు ఉండదు, సంఖ్య మాత్రమే. పేరు కనబడని సమాధాన పత్రాలు దిద్దే మాకు ఈ ఏర్పాటు విలువ చెప్పనక్కరలేదు.

ఫలితం ప్రతికూలమైనా వెంటనే యజమానికి పోదు. ఒక వైద్యుడు మొదట ఉద్యోగితో మాట్లాడాలి. వైద్యుడు వ్రాసిచ్చిన కోడీన్ కలిసిన దగ్గుమందు కూడా నల్లమందు జాతి పదార్థంగా కనబడవచ్చును గదా! అప్పటికీ తృప్తి లేకపోతే, తెలియజేసిన 72 గంటలలోగా రెండవ సీసాను వేరొక ప్రయోగశాలలో పరీక్షించమని కోరవచ్చు.

మద్యానికి శ్వాస పరీక్ష చాలు. మన రైల్వేలలో ఇంజను సిబ్బంది విధిలో చేరేటప్పుడు చేసేది ఇదే. అమెరికా నియమం ప్రకారం మొదటి ఊదుడులో 0.02 గాని, అంతకు మించి గాని వస్తే, కనీసం 15 నిమిషాలు ఆగి మరల ఊదిస్తారు. నోరు పుక్కిలించిన మందులోని ఆల్కహాలు ఆ వ్యవధిలో తొలగిపోతుంది.

ఇక మూత్రపు సీసాపై సంఖ్య, పత్రంపై సంఖ్య సరిపడలేదనుకొందాము. ఆ సీసా యంత్రం దాకా పోనే పోదు. పరీక్షయే రద్దవుతుంది.