గర్భిణికి రుబెల్లా సోకితే?

ప్రశ్న: నాకు మూడో నెల. మా తోటికోడలి బాబుకు ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు వస్తే డాక్టరు రుబెల్లా అన్నారు. కడుపులో బిడ్డకు ప్రమాదమా?
– ఓ సోదరి, తెనాలి

జవాబు: కంగారు పడకండి, అలాగని ఆలస్యమూ చేయకండి. వెంటనే రుబెల్లా ఐజీజీ, ఐజీఎం రక్తపరీక్షలు చేయించుకోండి. ఇప్పుడే చేసిన పరీక్షలో ఐజీజీ మాత్రమే కనిపిస్తే పాత రక్షణ ఉన్నట్టే. రెండూ లేకపోతే రెండు మూడు వారాలకు మళ్లీ పరీక్ష తప్పదు. అసలు చిక్కు మొదటి 12 వారాల్లోనే: తల్లికి సోకితే బిడ్డకు కంటిశుక్లం, గుండెలో లోపం, చెవుడు రావచ్చు. 1941లో ఆస్ట్రేలియా కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్ పసివాళ్ల కళ్లలో తెల్లటి పొర చూసి, దాని మూలం తల్లుల గర్భకాలంలో సోకిన రుబెల్లా అని పట్టుకున్నారు. 20 వారాలు దాటాక ఈ లోపాలు అరుదు. రుబెల్లా రాకుండా వేసే ఎంఆర్ (మీజిల్స్-రుబెల్లా) టీకా మాత్రం ఇప్పుడు వద్దు. రక్షణ లేదని తేలితే కాన్పయ్యాక వేయించుకోండి. బిడ్డకు పాలిస్తున్నా ఫర్వాలేదు.