వాడు ఎవరిని చూసి నేర్చుకోవాలి?



జూన్ నెల వచ్చిందంటే ఆబిడ్స్, నాంపల్లి వీధుల్లో కొత్త సంచులు, కొత్త బూట్లు, ఏడ్చే పసివాళ్లు, బుజ్జగించే తల్లులు కనిపిస్తారు. 1834లో స్థాపితమైన సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు మొదలుకొని ఎన్నో పాఠశాలలున్న ప్రాంతమిది. ఇక్కడ సీటు దొరికితే బిడ్డ బ్రతుకు గట్టెక్కినట్లేనని తల్లిదండ్రుల నమ్మకం.

కొన్నేళ్ల క్రితం అలాంటి ఒక జూన్ ఉదయాన, పూజ ముగిశాక, నాంపల్లి స్టేషను పరిసరాల్లో కాపురముండే ఒక తల్లి నాలుగేళ్ల కొడుకును చంకనెత్తుకొని నా దగ్గరకు వచ్చింది. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన బిడ్డ. మాటలు ఇంకా సరిగా రాలేదు. ఎల్.కె.జి.లో చేర్పించడానికి నన్ను ఉత్తరం అడిగింది. ఇచ్చాను. రెండు రోజుల్లో తిరిగి వచ్చింది. "ఇలాంటి పిల్లలకు వేరే బడి ఉంటుంది, అక్కడికి తీసుకెళ్లండి" అన్నారట. నేను ఓదార్పుగా, "పోనీలేమ్మా, తనలాంటి పిల్లల మధ్యే వాడు సుఖంగా ఉంటాడు" అన్నాను. ఆమె ఒక్క మాట అడిగింది. "ఫాదర్‌గారూ, మాటలు రాని పిల్లల మధ్యే కూర్చుంటే వీడు ఎవరిని చూసి మాటలు నేర్చుకోవాలి?"

నా దగ్గర జవాబు లేకపోయింది. నిజానికి ఉండవలసింది. గురువిద్యాలయంలో మాకు చెప్పిన తత్త్వశాస్త్రంలో మొదటి పాఠాల్లో ఒకటి అదే. కట్టెలో మండే శక్తి దాగి ఉంటుంది. కాని కట్టె తనంతట తాను మండదు, మండుతున్న నిప్పు దాన్ని తాకాలి. దాగి ఉన్న శక్తిని కార్యరూపంలోకి తెచ్చేది అప్పటికే కార్యరూపంలో ఉన్నదేనని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. నేను పరీక్ష కోసం చదివినదాన్ని ఆ తల్లి బ్రతుకులో చదివింది. మాట్లాడే పిల్లల మధ్య ఉంటేనే మాట వస్తుంది. ఆడే పిల్లల మధ్య ఉంటేనే ఆట వస్తుంది.

ఆ రోజు తర్వాత ఈ విషయం గురించి చదవడం మొదలుపెట్టాను. తెలుసుకున్నవాటిలో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచినది ఒకటుంది. ఈనాటి మన నర్సరీ బడి చాలావరకు ఇలాంటి పిల్లల దగ్గర నేర్చుకున్న పాఠమే! మరియా మాంటిస్సోరి పేరు మీరు వినే ఉంటారు. ఈ ఇటలీ వైద్యురాలు 1900లో రోము నగరంలో, బుద్ధి ఎదగలేదని అందరూ వదిలేసిన పిల్లల మధ్య పనిచేసింది. ఎడ్వర్డ్ సెగాన్ అనే ఫ్రెంచి వైద్యుడు అంతకు ముందే అలాంటి పిల్లల కోసం రూపొందించిన పద్ధతులను శ్రద్ధగా చదివి, చేతితో తడిమి నేర్చుకునే చెక్క అక్షరాలు చేయించింది. ఆ పిల్లల్లో కొందరు చదవడం, వ్రాయడం నేర్చుకొని మామూలు పిల్లలు వ్రాసే పరీక్షలోనే నెగ్గారు. అదే పద్ధతిని 1907 జనవరి 6న రోములోని ఒక పేదవాడలో మామూలు పసిపిల్లల కోసం తెరిచిన బడిలో ప్రవేశపెట్టింది. 1939లో ఆమె మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. 1955లో విజయవాడలో వి.కోటేశ్వరమ్మగారు స్థాపించిన పాఠశాల ఆమె పేరు మీదే వెలసింది. ఎవరి దగ్గర ఈ విద్య మొదలైందో ఆ పిల్లలనే గేటు దగ్గర ఆపడం న్యాయమా? ఆలోచించండి.

పిల్లలందరినీ తొలి ఏళ్లనుండే ఒక్కచోట పెంచే ప్రయత్నాలు 1960ల చివరి నుండి బలపడ్డాయి. 1968లో జర్మనీలోని మ్యూనిక్‌లో థియోడోర్ హెల్‌బ్రూగ అనే పిల్లల వైద్యుడు, అంగవైకల్యం ఉన్నవారినీ లేనివారినీ కలిపి మాంటిస్సోరి శిశుశాల నడిపించాడు. అమెరికాలో పేదపిల్లల కోసం 1965లో మొదలైన హెడ్ స్టార్ట్ కార్యక్రమంలో, నూటికి పది స్థానాలు అంగవైకల్యం ఉన్న పిల్లలకు ఇవ్వాలని 1972లో నియమం వచ్చింది. 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో సమావేశమైన దేశాలు, మామూలు బడి తలుపులు అందరికీ తెరవాలని ప్రకటించాయి.

మన దేశం ఏమీ చేయలేదని అనుకోవద్దు. 1974లోనే కేంద్రప్రభుత్వం వికలాంగ బాలలను మామూలు బడుల్లో చదివించే పథకం తెచ్చింది. 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీల కార్యక్రమం 33 చోట్ల మొదలైంది. 1984లో మన సికింద్రాబాదులోనే, మనోవికాస్ నగర్‌లో, బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం జాతీయ సంస్థ వెలసింది. దాని పేరు తర్వాత మారింది, ఇప్పుడు నీపిడ్ అంటున్నారు. 2021 జూన్ 17న పుట్టినప్పటినుండి ఆరేళ్లలోపు పిల్లలకు తొలిదశలోనే సాయపడే 14 కేంద్రాలను దేశంలో ఒకేసారి ప్రారంభించినప్పుడు, వాటిలో ఒకటి ఈ సంస్థలోనే, మరొకటి నెల్లూరులో ఏర్పడ్డాయి. 2023 నవంబరులో, ఇలాంటి పిల్లలను అంగన్‌వాడీలో ఎలా గుర్తించి కలుపుకోవాలో చెప్పే నియమావళి కూడా వచ్చింది.

అయితే ఒక పెద్ద ఖాళీ మిగిలిపోయింది. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను లెక్కించగా, 2016 చట్టం 21కి పెంచింది, వివక్ష లేకుండా బడిలో చేర్చుకొనేలా చూడమని ప్రభుత్వాలకు బాధ్యత పెట్టింది. కాని ఉచిత విద్య హక్కు మాత్రం ఆరేళ్ల వయసునుండి లెక్కకు వస్తుంది. 2009 విద్యాహక్కు చట్టంలోనూ అంతే. మాట, నడక, స్నేహం కుదురుకొనేదేమో ఆరేళ్లలోపే! చట్టం తలుపు తట్టే వేళకు బిడ్డ బాల్యంలో సగం గడిచిపోతుంది. ఆ ఖాళీని పూరించవలసినది మనమే.

కలిపి చదివించడమంటే బిడ్డను వెనుక బెంచీలో కూర్చోబెట్టి వదిలేయడం కాదు. అతనికి తగినట్లు పాఠాన్ని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టాలి. శిక్షణ పొందిన ఒక ఉపాధ్యాయురాలు అండగా ఉండాలి. బడిలో నేర్పినది ఇంట్లో తల్లి కొనసాగించాలి. మాటల చికిత్స, కండరాల వ్యాయామం అవసరమైతే అవీ జరగాలి. ప్రత్యేక పాఠశాలలను నేను తక్కువ చేయడం లేదు. అక్కడి నైపుణ్యం మన బడుల్లోకి రావాలి. అది లేకుండా చేర్చుకోవడమూ ఆ బిడ్డకు అన్యాయమే.

తల్లిదండ్రులారా, ఏడాదిన్నర దాటినా బిడ్డ నడవకపోతే, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోతే, "మా తాతకూ ఆలస్యంగానే వచ్చాయి" అని కాలం గడపకండి. రెడ్ హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రి మీకు దగ్గరలోనే ఉంది, పిల్లల వైద్యునికి చూపించండి. పాఠశాలలు నడిపే సోదర గురువులారా, మఠకన్యలారా, వచ్చే జూన్‌లో నర్సరీ తరగతికి ఒక్క బిడ్డను చేర్చుకొని చూడండి. మిగతా తల్లిదండ్రులారా, "మా పిల్లల చదువు పాడవుతుంది" అని అభ్యంతరం చెప్పకండి. తోటివాడి కోసం కాసేపు ఆగడం నేర్చుకున్న పిల్లవాడు, రేపు వృద్ధులైన మీ కోసం కూడా ఆగుతాడు.

చిన్నబిడ్డలను ప్రభువు దగ్గరకు తెచ్చినవారిని గద్దించినది పరిసయ్యులు కాదు, శిష్యులే. మార్కు సువార్తలోని ఆ ఘట్టం చదివినప్పుడల్లా నాకు ఆ ఉదయం గుర్తొస్తుంది. ఉత్తరం చేతికిచ్చి ఊరుకోకుండా ఆమెతోపాటు నేనూ ఆ బడికి వెళ్లవలసింది. వెళ్లలేదు. తర్వాత ఆ కుటుంబం ఇల్లు మారి వెళ్లిపోయింది. ఆమె ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఈ వారం దాన్ని మీకు అప్పగిస్తున్నాను. వాడు ఎవరిని చూసి నేర్చుకోవాలి?