సంతాన సామర్థ్య పరిరక్షణ – సమష్టి కృషి

సంతానాపేక్ష మానవునికి సహజం. గాంధారి గర్భపిండాన్ని వ్యాసమహర్షి నూటొక్క భాగాలుగా విభజించి నేతికుండలలో భద్రపరచిన కథ మహాభారత ఆదిపర్వంలో ఉంది. దానిని విజ్ఞానశాస్త్రంగా భావించనవసరం లేదు. కాని చేజారిపోతున్న సంతానభాగ్యాన్ని నిలుపుకోవాలనే ఆకాంక్ష ఎంత ప్రాచీనమైనదో ఆ కథ తెలుపుతుంది. క్యాన్సర్ బారినపడిన యువతీయువకుల విషయంలో ఆ ఆకాంక్షకు నేటి వైద్యశాస్త్రం కొంత మార్గం చూపుతున్నది.

క్యాన్సర్ సోకినవారిలో అనేకులు నేడు చికిత్సతో కోలుకొని దీర్ఘకాలం జీవిస్తున్నారు. అయితే ప్రాణం నిలిపిన చికిత్సయే మరొక నష్టానికి కారణం కావచ్చు. కొన్ని కీమోథెరపీ మందులు, రేడియేషన్ కిరణాలు అండాశయాలను, వృషణాలను దెబ్బతీస్తాయి. ఆడశిశువు జన్మించేనాటికే ఆమె అండాశయాలలో సుమారు 10 నుండి 20 లక్షల అండపుటికలు ఉంటాయి. నశించినవి తిరిగి రావు. కనుక రక్షణోపాయం చికిత్సకు ముందే ఆలోచించాలి.

పురుషుల వీర్యకణాలను ఘనీభవింపజేసి, వాటితో గర్భధారణ సాధించవచ్చునని 1953లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు నిరూపించారు. స్త్రీల విషయం ఇంతకంటె క్లిష్టమైనది. అండాలను సేకరించడానికి ఇంజెక్షన్లతో సుమారు రెండు వారాలు పడుతుంది. అంత వ్యవధి లేనివారికి, రజస్వల కాని బాలికలకు అండాశయ కణజాలాన్ని కొంత తీసి, ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ వద్ద నిల్వ చేస్తారు. 1994లో ఎడిన్‌బరోలో రోజర్ గాస్డెన్ బృందం ఈ పద్ధతి గొర్రెలలో ఫలిస్తుందని చూపింది. 1997లో బెల్జియంలో డాక్టర్ జాక్ డోనే బృందం, హాడ్కిన్ లింఫోమా సోకిన ఒక యువతి కణజాలాన్ని చికిత్సకు ముందు భద్రపరచింది. ఆమె కోలుకున్న తరువాత దానిని తిరిగి అమర్చగా, 2004లో ఆమెకు ఆడశిశువు జన్మించింది.

రక్తక్యాన్సర్ వంటి వ్యాధులలో మాత్రం ఆ కణజాలంలోనే క్యాన్సర్ కణాలు దాగి ఉండవచ్చు. దానిని తిరిగి అమర్చితే వ్యాధి మరలివచ్చే ప్రమాదముంది. అందుచేత అండపుటికలను శరీరం వెలుపలనే పెంచే ప్రయత్నం మొదలైనది. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రవేత్త టెరీసా వుడ్రఫ్, ఇంజనీరు లోనీ షే ఇందుకు చేతులు కలిపారు. సముద్రపు నాచునుండి లభించే ఆల్జినేట్ అనే జిగురు పదార్థంలో వారి బృందం ఎలుకల అండపుటికలను పెంచింది. వాటినుండి లభించిన అండాలతో ఆరోగ్యవంతమైన ఎలుకపిల్లలు పుట్టినట్లు 2006లో ప్రకటించింది. ఆ సంవత్సరమే వుడ్రఫ్ ఈ రంగానికి ‘ఆంకోఫెర్టిలిటీ’ అని పేరు పెట్టారు. 2007లో ఆమె నాయకత్వాన ఆంకోఫెర్టిలిటీ కన్సార్టియం ఏర్పడింది. వైద్యులతోపాటు ఇంజనీర్లు, న్యాయ, నీతిశాస్త్ర నిపుణులు కూడ అందులో పాల్గొన్నారు. జర్మనీలో 2006లో ప్రారంభమైన ఫెర్టిప్రొటెక్ట్ అనే వైద్యకేంద్రాల కూటమి తరువాత ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ దేశాలకు విస్తరించింది.

ఈ సమష్టి కృషి ఎందుకు అవసరం? క్యాన్సర్‌ను నయంచేసే వైద్యుడు వేరు, అండాలను భద్రపరచే వైద్యుడు వేరు. ఒకరి మాట మరొకరికి సకాలంలో అందకపోతే అవకాశం చేజారుతుంది. పైగా మన సమాజంలో పెళ్లికాని కుమార్తె విషయంలో ఈ ప్రస్తావన తేవడానికి తల్లిదండ్రులు సంకోచిస్తారు. బాలికల తరఫున నిర్ణయం తీసుకోవలసినదీ వారే. ఈ ప్రయత్నం అందరికీ ఫలిస్తుందని చెప్పలేము. కొందరికి చికిత్సను ఒక్కరోజయినా వాయిదా వేయరాదు. ప్రాణరక్షణయే ప్రథమ ధర్మం. అయినా, కలుగబోయే నష్టాన్నీ, ఉన్న ఉపాయాన్నీ చికిత్సకు ముందే తెలుసుకోవడం రోగి హక్కు. వైద్యుడు చెప్పకపోతే ఆ ప్రశ్న మనమే అడగాలి.

కఠిన పదాలకు అర్థాలు
సంతానాపేక్ష = బిడ్డలు కావాలనే కోరిక
అండపుటిక = అండాన్ని పోషించే చిన్న సంచి
కణజాలం = కణాల సముదాయం
సమష్టి కృషి = అందరూ కలిసి చేసే ప్రయత్నం

ప్రశ్నలు
1. సంతాన సామర్థ్య పరిరక్షణను చికిత్సకు ముందే ఎందుకు ఆలోచించాలి?
2. రక్తక్యాన్సర్ రోగుల విషయంలో ఎదురైన చిక్కు ఏమి? దానికై జరిగిన ప్రయత్నాన్ని వివరించండి.
3. ఈ రంగంలో సమష్టి కృషి ఆవశ్యకతను సొంతమాటలలో రాయండి.