కుట్టని తేనెటీగల సంరక్షణ: మాయా జాతి అనుభవం నుంచి మన జిల్లాలకు పాఠం

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల పల్లెలలో పాత మట్టిగోడను కూల్చేటప్పుడు, లోపలి సందులో నల్లని బంకముద్ద, దాని చుట్టూ ముసిరే చిన్న నల్లని ఈగలు కనిపించడం మనకు కొత్త కాదు. అవి కుట్టని తేనెటీగలు. ఇంటివారికి గుప్పెడు తేనె దొరుకుతుంది. గూడు మట్టిలో కలిసిపోతుంది. ఈ నష్టాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. దీనిని నివారించడం సాధ్యమేనని, అందుకు విస్తరణ శాస్త్రవేత్తలే ముందుకు రావాలని తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

గుర్తింపు, జీవన విధానం

మన ప్రాంతంలో సాధారణంగా కనిపించే జాతి టెట్రాగొనులా ఇరిడిపెన్నిస్. పాఠ్యపుస్తకాలలో దీనిని డామరు తేనెటీగ అని కూడా పేర్కొంటారు. శరీరం పొడవు సుమారు 3 నుంచి 4 మిల్లీమీటర్లు. కుట్టే ముల్లు క్షీణించి ఉంటుంది. మైనంలో చెట్ల బంకను కలిపి ఇవి గూడు కట్టుకుంటాయి. ద్వారం వద్ద బంకతో చేసిన చిన్న గొట్టం ఉంటుంది. తేనెను షడ్భుజాకారపు గదులలో కాక చిన్న కుండల వంటి తిత్తులలో నిల్వ చేస్తాయి. పిల్ల గదులు వేరుగా గుత్తిగా ఉంటాయి.

పుట్ట తేనెటీగలు ఇబ్బంది కలిగితే రాణితో సహా లేచిపోయి మరొక చోట స్థిరపడగలవు. కుట్టని తేనెటీగలలో గుడ్లు పెట్టే రాణి పొట్ట ఉబ్బి ఉన్నందున ఎగరలేదు. కాబట్టి గూడు పగిలితే సాధారణంగా ఆ కుటుంబం అక్కడితో అంతరిస్తుంది.

మాయా జాతి ప్రజల అనుభవం

మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పంలో మాయా జాతి ప్రజలు మెలిపోనా బీచియై అనే కుట్టని తేనెటీగను స్పానియార్డులు రాకముందు నుంచే పెంచుతున్నారు. వారి భాషలో దీని పేరు షూనాన్ కాబ్. బోలుగా ఉన్న చెట్టు దుంగను గూడుగా అమర్చి, రెండు చివరలను బిళ్లలతో మూసేవారు. బిళ్ల తీస్తే తేనె తిత్తులు అందేవి. పిల్ల గదులు చెదరనవసరం లేదు. వారి ప్రాచీన గ్రంథాలలో ఒకటైన మాడ్రిడ్ కోడెక్స్‌లో తేనెటీగల పెంపకానికి ప్రత్యేకించిన పుటలు ఉన్నాయి. తేనెను వైద్యంలోనూ, బాల్చే అనే పూజాపానీయం తయారీలోనూ వాడేవారు.

ఇంతటి సంప్రదాయమూ ఒక తరంలోనే కుదేలైంది. పావు శతాబ్ద కాలంలో అక్కడి పెంపకపు గూళ్లు సుమారు 93 శాతం తగ్గినట్లు 2005లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. అడవుల నరికివేత, తేనెను అతిగా తీయడం వంటి కారణాలతోపాటు, గూళ్లను విభజించి సంఖ్యను పెంచే నేర్పు సన్నగిల్లడం కూడా ఇందుకు దోహదం చేసింది. కేవలం గౌరవభావం ఈగను కాపాడలేదు. విభజించే చేతులు ఉన్నంత కాలమే గూళ్లు నిలిచాయి.

ఒక జాగ్రత్త అవసరం. మెలిపోనా పరిమాణంలో సాధారణ తేనెటీగంత ఉంటుంది. మన ఈగ చాలా చిన్నది. గూటికి ఏడాదికి సాధారణంగా కిలో లోపే తేనె లభిస్తుంది. కావున అక్కడి దిగుబడి అంకెలను మన రైతులకు చూపరాదు.

క్షేత్రస్థాయిలో చేయదగినవి

కేరళలో ఈ జాతినే వెదురు బొంగులలో, మట్టి కుండలలో, కొబ్బరి చిప్పలలో, చెక్కపెట్టెలలో పెంచుతున్నారు. ఆ పద్ధతులు మన జిల్లాలకూ అనువైనవే.

1. గోడను కూల్చడానికి కొన్ని నెలల వ్యవధి ఉంటే, గూటి ద్వారానికి గొట్టం అమర్చి దానిని ఖాళీ చెక్కపెట్టెకు కలపాలి. ఈగలు పెట్టె గుండా రాకపోకలు సాగిస్తూ క్రమంగా అందులోనూ గూడు కట్టుకుంటాయి.

2. వ్యవధి లేనప్పుడు పిల్ల గదుల గుత్తిని, రాణిని, పుప్పొడి తిత్తులను జాగ్రత్తగా పెట్టెలోకి మార్చాలి. పగిలిన తేనె తిత్తులను అందులో ఉంచరాదు. చీమలు, ఫోరిడ్ ఈగలు చేరతాయి. పెట్టె సందులను మట్టితో మూయాలి.

3. పూత సమృద్ధిగా ఉన్న కాలంలో బలమైన గూడును రెండుగా విభజించాలి. రాణి లేని భాగంలో రాణి గది తప్పక ఉండాలి. మిగిలిన గదులకంటే అది పెద్దదిగా ఉంటుంది.

4. ఈ ఈగలు గూటికి దూరంగా వెళ్లవు. అందువలన పత్తి, మిరప చేల పక్కన గూళ్లు ఉంచితే పురుగు మందుల ప్రభావం నేరుగా వాటిపై పడుతుంది. కూరగాయల పాదులు, మామిడి తోటలు, పెరటి మొక్కలు ఉన్న చోటును ఎంచుకోవాలి.

తేనె ప్రమాణం

మన ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతానికి మించరాదు. కుట్టని తేనెటీగల తేనెలో సహజంగానే అంతకంటే ఎక్కువ తేమ, పులుపు ఉంటాయి. అందుచేత స్వచ్ఛమైన తేనె కూడా పరీక్షలో నెగ్గకపోవచ్చును. మలేషియా 2017లో ఈ తేనెకు ప్రత్యేక ప్రమాణం రూపొందించి, ముడి తేనెలో 35 శాతం వరకు తేమను అనుమతించింది. మన తేనె నమూనాల విశ్లేషణ వివరాలు లేనిదే ఇటువంటి ప్రమాణాన్ని కోరలేము.

ముగింపు

కాబట్టి తేనె అమ్మకం కన్నా ముందు గూటి రక్షణ జరగాలి. గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమంలో భాగంగా పల్లెలకు వెళ్లే విద్యార్థులు తమకు కేటాయించిన గ్రామంలోని మట్టిగోడలను, చెట్టు తొర్రలను పరిశీలించి గూళ్ల జాబితా తయారు చేయవచ్చును. ఏ ఇల్లు ఎప్పుడు కూల్చబోతున్నారో ముందుగా తెలిస్తే, ఒక చెక్కపెట్టె, మూరెడు గొట్టంతో ఒక కుటుంబం బతుకుతుంది.