ఇంటికి ఏ నేల మేలు?

నంద్యాల జిల్లాలో ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక పాత మట్టి మిద్దె. ఆ ఇంట్లో అత్త, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు ఉంటారు.

మిద్దె గోడలు గట్టిగానే ఉన్నాయి. నేల మాత్రం పాడైంది. వానాకాలం వస్తే చెమ్మ ఎక్కుతుంది. పందికొక్కులు బొక్కలు పెడతాయి. వారం వారం పేడతో అలకాలి. కూలికి పోయి వచ్చే కోడలికి అది నడుము విరిగే పని.

ఈసారి శనగలు అమ్మిన డబ్బు చేతికి వచ్చింది. నేల వేయించాలని అనుకున్నారు.

"టౌనులో చిన్నమామ ఇంట్లో టైల్స్ అద్దంలా మెరుస్తున్నాయి. మనమూ అవే వేద్దాం" అన్నాడు కొడుకు.

అత్త మాట్లాడలేదు. కొడుకు బయటికి పోయాక కోడలు అడిగింది.

"ఏం అత్తా, నీకు ఇష్టం లేదా?"

"మొన్న పెండ్లికి పోయినప్పుడు ఆ టైల్స్ మీదనే కాలు జారిందమ్మా. గోడ పట్టుకొని నిలబడినాను. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోనూ అవే వేస్తే నేను మంచం దిగేదెట్లా?"

కోడలికి భయం వేసింది. ముసలితనంలో ఎముకలు బలం తగ్గి ఉంటాయి. జారిపడితే తుంటి ఎముక విరగవచ్చు. నెలల తరబడి మంచాన పడవచ్చు.

మర్నాడు మేస్త్రి వచ్చాడు. కోడలు అన్నీ అడిగింది.

"నేల మీద ఎవరు నడుస్తారో ముందు చూడాలమ్మా. మెరుపు సంగతి తర్వాత" అన్నాడు మేస్త్రి. ఒక్కొక్కటే వివరించాడు.

సిమెంటు గచ్చు: ఖర్చు తక్కువ. కానీ అడుగున మట్టి గట్టిగా లేకపోతే పగుళ్లు వస్తాయి. సరిగా తడపకపోతే పైన పొడి రాలుతుంది.

టైల్స్: చూడడానికి అందంగా ఉంటాయి. తుడవడం తేలిక. నున్నటి టైల్స్ తడిస్తే జారతాయి. రోకలి లాంటి బరువైనది పడితే పగులుతాయి. గరుకు టైల్స్ కూడా దొరుకుతాయి. అవి అంతగా జారవు.

నాపబండలు: మన బేతంచెర్లలో దొరుకుతాయి. కడప, తాండూరు బండలూ ఈ జాతివే. ఇవి చాలా కాలం మన్నుతాయి. వేసవిలో చల్లగా ఉంటాయి. పాలిష్ చేసినవి తడిస్తే జారతాయి. పాలిష్ లేనివి కాలికి పట్టు ఇస్తాయి.

కొడుకు అంతా విన్నాడు. తల్లి జారిన సంగతీ అప్పుడే తెలిసింది.

"అమ్మ పడితే ఆ మెరుపు ఏం చేసుకుంటాం? పాలిష్ లేని బండలే వేద్దాం" అన్నాడు.

కోడలు టేపు పట్టి కొలిచింది. నోటు పుస్తకంలో రాసుకుంది.

నడిమింట్లో: 12 × 10 = 120 చదరపు అడుగులు.
వసారా: 12 × 6 = 72 చదరపు అడుగులు.
మొత్తం: 192 చదరపు అడుగులు.

రెండడుగుల చదరపు బండ ఒకటి 4 చదరపు అడుగులు ఉంటుంది. 192ను 4తో భాగిస్తే 48 బండలు. విరిగేవాటికి, కోతలకు ఇంకో 5 కలిపింది. 53 బండలు. అంటే 212 చదరపు అడుగులు.

కొలతలు చెప్పి బండల అంగట్లో చీటీ రాయించారు. చీటీలో 312 అని ఉంది. కోడలు కూడబలుక్కుంటూ చదివింది.

"అయ్యా, వసారా వెడల్పు 6 అడుగులు. మీరు 16 అని రాసినారు" అంది.

అంగడాయన మళ్లీ చూశాడు. తప్పు దిద్దాడు. విరిగేవాటికి 20 అడుగులు కలిపి 212 అని రాశాడు. ఒక్క అంకె తప్పుతో 100 అడుగుల డబ్బు అదనంగా పోయేది. చదువు రాకపోతే అది తెలిసేదే కాదు.

పని మొదలైంది. మేస్త్రి ముందుగా గడప ఎత్తు చూశాడు. నేల మరీ లేస్తే తలుపు తగులుకుంటుంది. అందుకని పాత మట్టి కొంత తీయించాడు. బొక్కలు పూడ్పించి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టించాడు. పైన ఇసుక, సిమెంటు మాలు పరిచి బండలు వేశాడు. వసారాలో నీళ్లు బయటికి పోయేట్టు వాలు పెట్టాడు. సందులు సిమెంటుతో నింపాడు. బండను తట్టి చూశాడు. డొల్ల చప్పుడు వస్తే తీసి మళ్లీ వేశాడు. వారం రోజులు తడపమన్నాడు.

"యాసిడ్‌తో మాత్రం కడగొద్దమ్మా. ఇది సున్నపురాయి. యాసిడ్ దాన్ని తినేస్తుంది. చింతపండు పులుసు, నిమ్మరసం పడినా వెంటనే తుడవాల" అని చెప్పిపోయాడు.

పని అయ్యాక అత్త కొత్త నేల మీద మెల్లగా నడిచింది. వసారాలో నీళ్లు చల్లి మళ్లీ నడిచింది. ఈసారి గోడ పట్టుకోలేదు.

ఆలోచించండి

1. మీ ఇంట్లో ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఎక్కడ ఎక్కువగా నడుస్తారు? అక్కడ నేల ఎట్లా ఉంది?
2. మీ ఇంట్లో ఒక గది పొడవు, వెడల్పు కొలవండి. ఎన్ని చదరపు అడుగులో లెక్క కట్టండి.
3. రెండడుగుల చదరపు బండలు దానికి ఎన్ని పడతాయి?